నడవడికా నేర్పవలసిన పాఠమే

ఉద్వేగ, ప్రవర్తనా రుగ్మతలు ఉన్న పిల్లలను చాలాసార్లు వైద్యుడి కంటే ముందే తరగతి ఉపాధ్యాయురాలు గమనిస్తుంది. ఇంట్లో గారాబం ఎక్కువైందనో, తాత పోలిక వచ్చిందనో సరిపెట్టుకున్న కోపం, భయం, మొండితనం బడిలో చేరాక దాగవు. నలభై మంది మధ్య కదలకుండా కూర్చోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, కావలసినది అడిగి తీసుకోవడం, ఓడిపోతే ఊరుకోవడం వంటి పనులన్నీ ఒక్కసారిగా మీద పడేది అక్కడే. ఆ పనులు చేతకాని పిల్లలకు పెద్దలు తగిలించే పేర్లు అందరికీ తెలిసినవే: అల్లరివాడు, పెంకిఘటం, మొద్దు. డైరీలో ఎర్ర సిరా రిమార్కుతో మొదలై, తల్లిదండ్రులను పిలిపించి మాట్లాడడం మీదుగా, చివరికి ‘టీసీ తీసుకెళ్లండి’ అన్న మాటతో ముగిసే వ్యవహారంలో ఆ పిల్లవాడికి రానిది ఏమిటో కనుక్కుని నేర్పే ప్రయత్నం అరుదుగా కనిపిస్తుంది. నిజానికి అటువంటి ప్రయత్నానికి శాస్త్రీయమైన పద్ధతి ఉంది. ఆ పద్ధతిని భారతీయ తరగతి గదికి తగినట్టు మలిచిన కృషిలో ముఖ్యమైన భాగం హైదరాబాదు జంటనగరాలలోనే జరిగింది.

నగరానికి తూర్పున ఉన్న సరూర్‌నగర్ ప్రాంతంలో ఈ సమస్య, దాని పరిష్కారం రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. చెరువు చుట్టూ పెరిగిన కాలనీలు, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, కొత్తపేట నుంచి ఎల్బీ నగర్ దాకా సందు సందునా వెలసిన ప్రైవేటు బడులు కలిసి ఈ ప్రాంతాన్ని చదువుల పేటగా మార్చాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అనాథ బాలల కోసం ఏర్పడిన విక్టోరియా మెమోరియల్ హోం ఇక్కడిదే. దిల్‌సుఖ్‌నగర్ వివేకానందనగర్‌లోని ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ మేధోవైకల్యం గల పిల్లల శిక్షణ, పునరావాసాల కోసం దశాబ్దాలుగా పనిచేస్తోంది. ఇటువంటి ప్రత్యేక సంస్థలలో నడవడికను నేర్పడం రోజువారీ పాఠంలో భాగం. అదే వీధిలోని సాధారణ బడిలో మాత్రం నడవడిక మార్కులు వేసే విషయంగానో, శిక్ష వేసే విషయంగానో మిగిలిపోతోంది.

రుగ్మత అని ఎప్పుడు అనాలి?

పిల్లలందరూ ఏదో ఒక వయసులో అబద్ధమాడతారు, కొట్టుకుంటారు, అలుగుతారు. అది రుగ్మత కాదు. అమెరికా మనోవిజ్ఞాని ఎలీ బోవర్ ప్రతిపాదించిన అయిదు లక్షణాలు ఈ విషయంలో ఇప్పటికీ ప్రమాణంగా నిలిచాయి: తెలివితేటలలోగాని, చూపు వినికిడులలోగాని లోపం లేకున్నా చదువు అబ్బకపోవడం, తోటిపిల్లలతోను ఉపాధ్యాయులతోను స్నేహం నిలుపుకోలేకపోవడం, మామూలు పరిస్థితిలో కూడా అసందర్భంగా ప్రవర్తించడం, ఎడతెగని దిగులు, బడికి సంబంధించిన భయాలు కడుపునొప్పి తలనొప్పుల రూపంలో బయటపడడం. వీటిలో ఒకటిగాని అంతకు మించిగాని చాలాకాలం పాటు, చెప్పుకోదగ్గ తీవ్రతతో కొనసాగి, చదువును దెబ్బతీసినప్పుడే దానిని రుగ్మతగా పరిగణించాలన్నది ఆయన నియమం. వికలాంగ బాలలందరికీ విద్య అందించేందుకు అమెరికా 1975లో తెచ్చిన చట్టం అమలులో ఈ లక్షణాలనే దాదాపు యథాతథంగా స్వీకరించారు.

ఈ రుగ్మతలను మనోవిజ్ఞానులు స్థూలంగా రెండు తెగలుగా విడదీస్తారు. కొట్టడం, విసిరేయడం, ఎదురు తిరగడం, క్షణం నిలవకపోవడం వంటివి బయటికి ప్రకటమయ్యే తెగ. ఏకాగ్రతలోపంతో కూడిన అతిచురుకుదనం, అంటే ఏడీహెచ్‌డీ, పెద్దలను అదేపనిగా ధిక్కరించే రుగ్మత ఇందులోకి వస్తాయి. భయం, దిగులు, నలుగురిలో నోరు మెదపలేకపోవడం వంటివి లోలోపల రగిలే తెగ. మొదటి తెగ పిల్లలు పాఠం సాగనివ్వరు గనుక వెంటనే దృష్టిలో పడతారు. రెండో తెగ పిల్లలు ఎవరికీ అడ్డురారు గనుక ‘బుద్ధిమంతులు’ అన్న పేరుతో ఏళ్ల తరబడి చివరి బెంచీలో మరుగున పడిపోతారు.

2015–16లో బెంగళూరు నిమ్‌హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ల వయసువారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు అంచనా వేసింది. ఆ లెక్కన నలభై మంది కూర్చున్న ఉన్నత పాఠశాల తరగతిలో ఇద్దరు ముగ్గురు అటువంటివారు ఉండవచ్చు. అయినా 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక అస్వస్థత ఉన్నాయేగాని, ఉద్వేగ ప్రవర్తనా రుగ్మత అన్న విడి శీర్షిక లేదు. ఫలితంగా ఇటువంటి పిల్లలలో చాలామంది ఏ ధ్రువపత్రానికీ, ఏ ప్రత్యేక సదుపాయానికీ నోచుకోకుండా సాధారణ తరగతిలోనే ఉంటారు. వారికి నేర్పవలసిన బాధ్యత కూడా సాధారణ ఉపాధ్యాయుల మీదే పడుతుంది.

మనోవికాస్ నగర్ చూపిన దారి

సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గరి మనోవికాస్ నగర్‌లో 1984లో మేధోవైకల్యం గలవారి కోసం కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన జాతీయ సంస్థ చాలాకాలం ఎన్‌ఐఎంహెచ్ అన్న పేరుతో ప్రసిద్ధి పొంది, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీగా కొనసాగుతోంది. అక్కడ పనిచేసిన మనోవిజ్ఞానులు రీటా పేషావరియా, ఎస్. వెంకటేశన్ 1992లో మేధోవైకల్యం గల భారతీయ బాలల కోసం ‘బేసిక్-ఎంఆర్’ అనే ప్రవర్తనా మాపనిని, దానితోపాటు ఉపాధ్యాయుల కోసం ఒక కరదీపికను రూపొందించారు. ఆ మాపనిలో రెండు భాగాలున్నాయి. మొదటి భాగం 7 రంగాలలో 280 నైపుణ్యాలను లెక్కిస్తుంది. రెండో భాగం హింస, మంకుపట్టు, తనను తాను గాయపరచుకోవడం, అతిచురుకుదనం, ధిక్కారం, భయాలు మొదలైన 10 విభాగాలలో 75 సమస్యాత్మక ప్రవర్తనలను లెక్కిస్తుంది. పిల్లవాడు చేయకూడనిది చేస్తున్నాడన్న చిట్టాకు ముందే అతనికి ఏం చేతనవునో, ఏం చేతకాదో చూడాలన్న సూత్రం ఆ కూర్పులోనే ఇమిడి ఉంది.

ఆ మాపని మేధోవైకల్యం గల పిల్లల కోసం తయారైనదే అయినా, దాని వెనుక ఉన్న రెండు నియమాలు ఏ తరగతికైనా పనికివస్తాయి. మొదటిది, ప్రవర్తనను కంటికి కనిపించే పనిగా, లెక్కపెట్టగల పనిగా రాయడం. ‘మొండివాడు’ అన్నది తీర్పు. ‘పక్కవాడి నోటుబుక్కు లాక్కుని చించుతాడు, వారంలో నాలుగుసార్లు’ అన్నది సమాచారం. తీర్పును మార్చడం ఎవరి తరమూ కాదు గాని, నాలుగుసార్లను రెండుసార్లకు తగ్గించే ప్రయత్నం చేయవచ్చు. రెండోది, ఆ పనికి ముందు ఏం జరిగింది, తరువాత ఏం జరిగింది అన్నది కూడా రాయడం. ప్రవర్తనా విశ్లేషణలో ముందు–ప్రవర్తన–తరువాత అనే మూడు గడుల నమోదు ఇదే.

మూడు గడులు చెప్పే కథ

ఒక నాలుగో తరగతి పిల్లవాడి విషయంలో ఉపాధ్యాయురాలు అటువంటి నమోదు చేసిందని అనుకుంటే, ఆ పుస్తకం ఇలా ఉండవచ్చు. మంగళవారం, లెక్కల పీరియడ్: బోర్డు మీది భాగహారాలు చేయమన్నారు, పక్కవాడి నోటుబుక్కు చించాడు, తరగతి బయట నిలబెట్టారు. గురువారం, తెలుగు పీరియడ్: లేచి గట్టిగా చదవమన్నారు; బల్ల తన్ని తిట్టాడు; ప్రిన్సిపాల్ గదికి పంపారు. శుక్రవారం, డ్రాయింగ్ పీరియడ్: ఏ గొడవా లేదు. రెండు వారాలు ఇలా రాసిన తరువాత పుస్తకం తిరగేస్తే, నలుగురిలో తనకు రాని పని చేయవలసి వచ్చినప్పుడే గొడవ మొదలవుతోందని, గొడవ అయిన ప్రతిసారీ ఆ పని తప్పిపోతోందని తెలుస్తుంది. బయట నిలబెట్టడాన్ని ఉపాధ్యాయురాలు శిక్ష అనుకుంటోంది. ఆ పిల్లవాడికి మాత్రం అదే విడుదల. శిక్ష పెరిగినకొద్దీ గొడవ పెరగడంలో వింత లేదు.

ప్రతి ప్రవర్తన వెనుకా ఒక ప్రయోజనం ఉంటుందన్నది ఈ రంగంలో మూలసూత్రం. సాధారణంగా అది నాలుగింటిలో ఒకటి: ఇతరుల దృష్టిని రాబట్టుకోవడం, కష్టమైన పనినుంచి తప్పించుకోవడం, కావలసిన వస్తువునో ఆటనో దక్కించుకోవడం, లేదా ఊగడం, గోళ్లు కొరకడం వంటి పనిలో దొరికే శారీరకమైన ఊరట. 1985లో అమెరికా పరిశోధకులు ఎడ్వర్డ్ కార్, మార్క్ డురాండ్ ఒక ముఖ్యమైన సంగతిని నిరూపించారు: పిల్లవాడు గొడవ ద్వారా సాధించుకుంటున్నదానినే మాట ద్వారా అడగడం నేర్పితే గొడవ తగ్గుతుంది. పై ఉదాహరణలోని పిల్లవాడికి నేర్పవలసింది ‘మేడమ్, నాకు ఇది రాలేదు, ఒకసారి చూపించండి’ అన్న ఒక్క వాక్యం. నోరు పెగలని పిల్లవాడయితే బల్ల మీద ఎర్ర అట్టముక్క తిప్పిపెట్టినా చాలు. అయితే ఆ మాటకు, ఆ అట్టకు ఉపాధ్యాయురాలు వెంటనే స్పందించాలి. కొత్త దారి పాత దారికంటే సులువుగా ఉండి, త్వరగా ఫలితమిస్తేనే పిల్లవాడు దానిని పట్టుకుంటాడు. పది లెక్కలకు బదులు మొదట మూడింటితో ఆరంభించి, కుదురుకున్నకొద్దీ పెంచుతూపోవడం, అసలు భాగహారంలో ఎక్కడ తడబడుతున్నాడో చూసి విడిగా నేర్పడం కూడా ఈ చికిత్సలో భాగమే.

నేర్పే క్రమం

సామాజిక నైపుణ్యం ఉపన్యాసంతో రాదు. నీతికథ చెప్పి, చివర నీతి రాయించినంతమాత్రాన ఓడిపోయిన పిల్లవాడు బ్యాటు విసిరేయడం మానడు. అమెరికాలో ఆర్నాల్డ్ గోల్డ్‌స్టీన్ 1970లలో రూపొందించి, తరువాత బడులకోసం విస్తరించిన పద్ధతిలో నాలుగు మెట్లున్నాయి: చేసి చూపించడం, నటనగా చేయించడం, ఎలా చేశాడో చెప్పడం, నిజజీవితంలో చేయించడం. ఓటమిని తట్టుకోవడం అన్న నైపుణ్యాన్నే తీసుకుంటే, దానిని ముందు చిన్న చిన్న పనులుగా విడగొట్టాలి: ఔట్ అన్న మాట వినగానే ఆగడం, ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చి వదలడం, బ్యాటును చేతికందించడం, పక్కకు వెళ్లి నిలబడడం. ఉపాధ్యాయుడే ఔటైన ఆటగాడిగా నటించి, మనసులో అనుకునే మాటను పైకి అంటూ చూపిస్తాడు. తరువాత పిల్లవాడు, కోపం లేని ప్రశాంతమైన సమయంలో, అదే నటిస్తాడు. ‘బ్యాటు చేతికిచ్చావు, అది బాగుంది, ఊపిరి పీల్చడం మరిచావు, ఇంకోసారి చేద్దాం’ అని చెప్పాలి. ఆ మీదట పీటీ పీరియడ్‌లో, అటుపైన కాలనీ సందులో ఆదివారం జరిగే ఆటలో అదే పని చేయించాలి. తరగతిలో నేర్చినది సందులోకి చేరకపోవడమే ఈ శిక్షణలన్నిటికీ ఎదురయ్యే పెద్ద చిక్కు. అందుకే చివరి మెట్టుకు అన్నిటికంటే ఎక్కువ కాలం కేటాయించాలి.

మంచి ప్రవర్తన కనిపించిన వెంటనే దానికి ప్రతిఫలం దక్కేలా చూసి, అది మళ్లీ మళ్లీ జరిగేలా చేయడాన్ని మనోవిజ్ఞాన గ్రంథాలు పునర్బలనం అంటాయి. ప్రతిఫలం అంటే చాక్లెట్ అనుకోనక్కరలేదు. అన్నిటికంటే చౌకైనది, చాలామంది పిల్లల విషయంలో బలమైనది పెద్దల మెచ్చుకోలే. ‘గుడ్ బాయ్’ అన్న మెచ్చుకోలు కంటే ‘రబ్బరు లాక్కోకుండా అడిగి తీసుకున్నావు’ అన్న మెచ్చుకోలు ఎక్కువగా పనిచేస్తుంది, ఎందుకంటే ఏ పనికి మెప్పు దక్కిందో పిల్లవాడికి తెలుస్తుంది. స్టార్లు, స్టిక్కర్లు కూడబెట్టుకుని చివరికి ఇష్టమైన ఆటగానో, పుస్తకంగానో మార్చుకునే టోకెన్ పద్ధతి కూడా ఉపయోగకరమే. కాకపోతే ప్రవర్తన స్థిరపడినకొద్దీ టోకెన్లను తగ్గించుకుంటూ పోవాలి. కేవలం దృష్టికోసం చేసే చిన్న అల్లరిని పట్టించుకోకుండా వదిలేయడం మొదలుపెడితే, అది తగ్గడానికి ముందు కొద్దిరోజులు పెరుగుతుంది. ఆ దశలో విసిగి మళ్లీ కేకలు వేస్తే, మరింత గట్టిగా అల్లరి చేస్తే పని జరుగుతుందన్న పాఠమే పిల్లవాడికి మిగులుతుంది. ఎవరికైనా దెబ్బ తగిలే ప్రవర్తన విషయంలో మాత్రం ఈ ఉపేక్ష పనికిరాదు.

ఒక్క పిల్లవాడిని వేలెత్తి చూపకుండా తరగతి మొత్తానికీ వర్తించే పద్ధతులు కూడా ఉన్నాయి. 1969లో హ్యారియెట్ బారిష్, మ్యూరియెల్ సాండర్స్, మాంట్రోస్ వుల్ఫ్ ఒక నాలుగో తరగతిలో పరీక్షించిన ‘సత్ప్రవర్తన ఆట’ వాటిలో ప్రసిద్ధమైనది. తరగతిని జట్లుగా విడదీసి, రెండు మూడు స్పష్టమైన నియమాలు పెట్టి, నియమం తప్పినప్పుడల్లా ఆ జట్టుకు బోర్డు మీద ఒక గీత గీస్తారు. గీతలు పరిమితి దాటని జట్లన్నీ గెలిచినట్టే. 1980లలో బాల్టిమోర్ నగరంలో ఒకటి, రెండు తరగతుల పిల్లలతో ఈ ఆట ఆడించిన పరిశోధకులు వారిని యౌవనం దాకా గమనించగా, చిన్ననాట దుడుకుగా ఉన్న మగపిల్లలలో మేలు ఎక్కువగా కనిపించింది. అదనపు జీతభత్యాలు అవసరం లేని ఈ పద్ధతికి కావలసింది సుద్దముక్క, నియమాల మీద నిలకడ.

మౌనంగా ఉండే పిల్లలకు నేర్పే క్రమం వేరుగా ఉంటుంది. నలుగురిలో నోరు విప్పని అమ్మాయిని ఒక్కసారిగా వేదిక ఎక్కించడం భయాన్ని పెంచుతుంది. మొదట ఒక స్నేహితురాలితో, తరువాత ముగ్గురి గుంపులో, ఆ పిమ్మట తన చోటనే కూర్చుని, చివరికి లేచి నిలబడి మాట్లాడేలా మెట్టు తరువాత మెట్టు ఎక్కించాలి. తరగతి నోటుబుక్కులు పంచడం, హాజరు పట్టిక ఆఫీసుకు అందజేయడం వంటి చిన్న బాధ్యతలు ఇటువంటి పిల్లలకు ఇతరులతో మాట కలిపే సహజమైన సందర్భాన్ని కల్పిస్తాయి.

దెబ్బ ఎందుకు పనిచేయదు?

విద్యాహక్కు చట్టం 2009 లోని 17వ సెక్షన్ బడిలో శారీరక దండననే కాక మానసిక వేధింపును కూడా నిషేధించింది. అయినా ‘దండం దశగుణం’ అన్న నమ్మకం, గోడకుర్చీ, గుంజీలు, స్కేలు దెబ్బలు పూర్తిగా పోలేదు. దీనికి కారణం ఉపాధ్యాయుల క్రూరత్వం అనుకోవడం పొరపాటు. కేక వేసిన మరుక్షణం గది నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దం ఉపాధ్యాయుడికే ప్రతిఫలమై, మళ్లీ కేక వేసేలా చేస్తుంది. పిల్లవాడి వైపునుంచి చూస్తే శిక్ష ఏం చేయకూడదో చెబుతుందిగాని ఏం చేయాలో చెప్పదు. కొట్టే మనిషి లేని చోట దాని ప్రభావమూ ఉండదు. బలం గలవాడు బలహీనుడిని కొట్టవచ్చునన్న నమూనాను మాత్రం కళ్లముందు నిలుపుతుంది. తెలుగు పాఠకులకు ‘రైలుబడి’గా పరిచయమైన తెత్సుకో కురొయనాగి పుస్తకంలో చిన్నారి టొట్టోచాన్‌ను మొదటి బడి అల్లరి భరించలేక పంపించివేయగా, రెండో బడి ప్రధానోపాధ్యాయుడు గంటల తరబడి ఆమె మాటలు వింటాడు. ఆ రెండు బడుల మధ్య తేడా పిల్ల స్వభావంలో లేదు, పెద్దల పద్ధతిలో ఉంది.

ఇల్లు, బడి, వైద్యం

బడిలో ఒక నియమం, ఇంట్లో ఇంకొకటి నడిచినప్పుడు శిక్షణ నిలబడదు. రెండు పడకగదుల ఫ్లాటులో పక్కింటివారికి వినబడుతుందన్న భయంతో, ఏడుస్తున్న పిల్లవాడి చేతికి ఫోను ఇవ్వడం చాలా ఇళ్లలో జరిగేదే. అలా ఇచ్చిన ప్రతిసారీ ఏడిస్తే ఫోను వస్తుందన్న పాఠం గట్టిపడుతుంది. ఫోను ఇవ్వదలిస్తే ఏడుపుకు ముందే, మామూలుగా అడిగినందుకు ఇవ్వడం, ఎంతసేపో ముందే చెప్పడం మేలు. తల్లి వద్దన్నదానిని నాయనమ్మ చాటుగా ఇవ్వకుండా, ఇంటిల్లిపాదీ ఒక మాట మీద ఉండడం అంతకంటే ముఖ్యం. డైరీ ఫిర్యాదులకే పరిమితం కాకుండా, రోజుకు ఒక మంచి పనినైనా అందులో రాసి పంపితే ఇల్లూ బడీ ఒకే పిల్లవాడిని చూడగలుగుతాయి.

అన్ని సందర్భాలలోనూ బోధన ఒక్కటే సరిపోదు. ఏడీహెచ్‌డీ, తీవ్రమైన దిగులు వంటి రుగ్మతలలో కొందరికి మందులు, మానసిక చికిత్స అవసరమవుతాయి. తనను తాను గాయపరచుకునే, చచ్చిపోతానని మాట్లాడే పిల్లవాడిని ఆలస్యం లేకుండా వైద్యుడికి చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే వైద్య బృందాలు ఎదుగుదల లోపాలను కూడా పరిశీలిస్తాయి. మండల స్థాయిలో సమగ్ర శిక్ష ఆధ్వర్యాన నడిచే భవిత కేంద్రాలలో ప్రత్యేక అవసరాల పిల్లలకోసం శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఉంటారు. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ స్టేషన్ల నుంచి మధ్యలో రైలు మారకుండానే మెట్రోలో చేరుకోవచ్చు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరులో ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చు. పిచ్చి అన్న ముద్ర పడుతుందన్న జంకే చాలా కుటుంబాలను ఈ గడపల దాకా రానివ్వడం లేదు.

కౌన్సెలర్లు, ప్రత్యేక ఉపాధ్యాయులు ప్రతి బడికీ వచ్చేదాకా ఆగవలసిన పనులు ఇందులో కొన్నే. మూడు గడుల నోటుబుక్కు, పనిని పేరుపెట్టి మెచ్చుకునే అలవాటు, ప్రశాంతంగా ఉన్నప్పుడు చేయించే పది నిమిషాల నటన ఏ బడికైనా ఈ విద్యా సంవత్సరంలోనే అందుబాటులో ఉన్నవి. ప్రత్యేక పాఠశాలల్లో అనుభవం గడించిన ఉపాధ్యాయులను చుట్టుపక్కల బడులవారు ఏడాదికి రెండుసార్లు పిలిపించి తమ సిబ్బందికి శిక్షణ ఇప్పించుకోవడం కూడా పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఏ యాజమాన్యమైనా ఒక పిల్లవాడి టీసీ మీద సంతకం చేసే ముందు, అతని ప్రవర్తనను రెండు వారాలపాటు రాసి చూశారా, దానికి బదులుగా ఏ నైపుణ్యాన్ని నేర్పారు అని తమ ఉపాధ్యాయులను అడగాలి. ఆ రెండు ప్రశ్నలకు జవాబు లేనప్పుడు ఆ పిల్లవాడిని బడి నుంచి పంపించే హక్కు ఆ బడికి లేదు.